బద్ర్ బావి దగ్గర అడిగిన ప్రశ్న

రంజాన్ 17 దగ్గర పడుతుంటే మసీదుల్లో బద్ర్ యుద్ధం ప్రస్తావన వస్తుంది. 313 మంది ముస్లింలు వెయ్యి మంది మక్కా సైన్యాన్ని ఎదిరించి గెలిచారు, దైవదూతలు సాయానికి వచ్చారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, దైవదూతల సాయం సంగతి ఖుర్‌ఆన్‌లోనూ ఉన్నదే. కానీ చెప్పేవాళ్లు ఒక చిన్న సంభాషణను దాటేస్తే మాత్రం నాకు మనసు ఊరుకోదు.

క్రీ.శ. 624. ముస్లింల దగ్గర ఉన్నవి 70 ఒంటెలు, రెండు గుర్రాలు. బద్ర్‌లో ప్రవక్త ముహమ్మద్ (స) ఒకచోట విడిది చేయించారు. హుబాబ్ అనే సహచరుడు వచ్చి, "దైవప్రవక్తా, ఇక్కడ ఆగమన్నది అల్లాహ్ ఆదేశమా, మీ వ్యూహమా?" అని అడిగాడని ఇబ్న్ ఇస్‌హాక్ రాసిన ప్రవక్త జీవిత చరిత్ర చెబుతోంది. వ్యూహమేనన్నారు ప్రవక్త. అలాగైతే ఈ చోటు వద్దు, శత్రువుకు దగ్గర్లోని బావి దాకా వెళ్లి మిగతావి పూడ్చేద్దామన్నాడు హుబాబ్. ప్రవక్త సరేనన్నారు.

నీళ్ల సంగతి తేల్చుకున్న ఆ ప్రవక్తే చేతులెత్తి దుఆ (ప్రార్థన) చేశారు. ఎంతగా వేడుకున్నారంటే, భుజం మీది వస్త్రం జారి కింద పడినా తెలియలేదు. సహచరుడు అబూబక్ర్ (ర) దాన్ని తీసి మళ్లీ కప్పారు. విశ్వాసం ఉంటే ఆలోచన అక్కర్లేదని చెప్పేవాళ్లు ఈ రెండు దృశ్యాల్లో ఒకదాన్నే చూస్తున్నారు.

మరుసటి ఏడాది ఉహుద్ యుద్ధంలోనూ అదే ప్రవక్త, అదే విశ్వాసం. గెలిచినా ఓడినా కదలొద్దని 50 మంది విలుకాళ్లను గుట్ట మీద నిలబెట్టారు. శత్రువు వెనక్కి తగ్గగానే వాళ్లలో చాలామంది సొత్తు కోసం కిందికి దిగిపోయారు. అప్పటికి శత్రువుల పక్షాన ఉన్న ఖాలిద్ గుర్రపు దళం వెనక నుంచి వచ్చి పడింది. ప్రవక్త పినతండ్రి హమ్జాతో సహా దాదాపు 70 మంది అమరులయ్యారు. ఈ ఆపద ఎక్కడిదని అడిగితే, మీ వల్ల వచ్చిందేనని ఖుర్‌ఆన్ (3:165) మొహమాటం లేకుండా చెప్పింది. తర్వాత హునైన్ యుద్ధంలో తమ మంది ఎక్కువున్నారని మురిసిపోయినప్పుడు కూడా, ఆ సంఖ్య మీకు ఏమాత్రం అక్కరకు రాలేదంది (9:25).

627లో మదీనా మీదికి పెద్ద సైన్యం వస్తుంటే కందకం ఆలోచన చెప్పింది సల్మాన్ ఫార్సీ అనే సహచరుడు. ఆకలికి పొట్టకు రాయి కట్టుకుని ప్రవక్త స్వయంగా గడ్డపార పట్టారు, మట్టి మోశారు. ముట్టడి చేసినవాళ్ల గుడారాలను చెదరగొట్టిన ఆ చలిగాలి దైవసహాయమేనని నేనూ నమ్ముతాను. అది వీచే నాటికి కందకం తవ్వి ఉంది.