లెక్కలన్నీ పైకే పోతాయి, ఊరికి ఏదీ తిరిగి రాదు

మన ఊళ్లో ఎవరికి బీపీ ఉంది, ఎవరికి నెలలు నిండాయి, ఏ పిల్లాడికి టీకా ఆలస్యమైంది అన్నది ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చేది ఆశా కార్యకర్తలు, ఊరి నర్సులైన ఏఎన్ఎంలు. ఆ రాసిందంతా ఢిల్లీ దాకా పోతుంది. కానీ పీహెచ్‌సీ డాక్టర్ని "సార్, మన మండలంలో నిరుటికీ ఇప్పటికీ షుగర్ కేసులు పెరిగాయా?" అని అడిగి చూడండి. చాలాచోట్ల జవాబు దొరకదు. పాపం ఆయన తప్పేం లేదు. సొంత సిబ్బంది ఎక్కించిన లెక్క ఆయన వాడుకునేలా ఆయన చేతికి రాదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా వదిన ఏఎన్ఎం. ఏఎన్ఎం పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రమే సబ్‌సెంటర్. రూలు ప్రకారం మైదాన ప్రాంతంలో ఒక సబ్‌సెంటర్‌కు 5,000 జనాభా, ఏజెన్సీలో 3,000. వాళ్ల వివరాలన్నీ వేర్వేరు పోర్టళ్లలో ఎక్కించాలి. గర్భిణులకు, పిల్లలకు ఆర్‌సీహెచ్ పోర్టల్. బీపీ, షుగర్లకు ఎన్‌సీడీ. టీబీకి నిక్షయ్. టీకాలకు యూవిన్. జ్వరాలు, విరేచనాలకు ఐహెచ్ఐపీ. వీటిపైన నెలనెలా హెచ్ఎంఐఎస్ రిపోర్టు. ఒకే గర్భిణికి షుగర్ ఉండి, టీబీ మందులు కూడా వాడుతుంటే ఆమె పేరు, వయసు, అడ్రసు మళ్లీ మళ్లీ కొట్టాలి. ఇంత చేసినా కాగితం రిజిస్టర్లు పోలేదు. సర్వర్ మొరాయించిన రోజు అవే దిక్కు.

ఇక ఆభా నంబరు, అంటే ఒక్కో మనిషికీ ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఐడీ. 14 అంకెలు. ఆధార్‌కు లింకైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఫోనేమో హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు దగ్గర. అరుగు మీద పెద్దావిడ, ఎదురుగా ట్యాబ్ పట్టుకుని మా వదిన, అవతల డ్యూటీలో ఉండి ఫోనెత్తని కొడుకు. ఎత్తేలోగా ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్లీ మొదటికి. ఆవిడ బీపీ చూడటానికి అయిదు నిమిషాలు చాలు, నంబరు తీయడానికి అరపూట. సాయంత్రానికి గ్రూపులో మెసేజ్: "ఎన్ని పెండింగ్ ఉన్నాయి?" ఎవరి బీపీ ఎంతుందని అడిగే మెసేజ్ ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదని వదిన అంటుంది.

పెండింగ్ ఒక్కటే అడిగితే ఏమవుతుంది? పెండింగ్ ఒక్కటే తగ్గుతుంది. పేజీ నిండా 120/80, 120/80 అని కనిపించే రిజిస్టర్లు మీరూ చూసే ఉంటారు. అంతమందికి ఒకే బీపీ ఉండదని రాసేవాళ్లకీ తెలుసు, సంతకం పెట్టేవాళ్లకీ తెలుసు.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగే సంగతి చూడండి. మొదటి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో అమ్మాయిని తీసుకెళ్తారు. అప్పటిదాకా ఆమెను చూసుకున్నది అత్తగారి ఊరి ఏఎన్ఎం. రక్తం ఎంతుంది, బీపీ ఎప్పుడు పెరిగింది, ఏ మాత్రలు పడలేదు అన్నీ ఆమెకే తెలుసు. పుట్టింటి ఊరి ఏఎన్ఎంకి ఆ అమ్మాయి వచ్చిన సంగతి ఆశా చెబితేనే తెలుస్తుంది. ఆర్‌సీహెచ్ ఐడీ ఉన్నదే ఇందుకు, ఎక్కడికి వెళ్లినా రికార్డు వెంట రావాలని. అసలులో వెంట వచ్చేది తల్లీబిడ్డల కార్డు, అదీ అమ్మాయి సర్దుకుని తెచ్చుకుంటే. అత్తిల్లు నల్గొండ, పుట్టిల్లు పల్నాడు అనుకోండి, రాష్ట్రమే మారింది. ఎనిమిదో నెలలో కాళ్లవాపుతో వస్తే, పాత బీపీ ఎంతో తెలియకుండా చూడాలి. పరిస్థితి తలకిందులయ్యేది ఇలాంటి రెండు మూడు వారాల సందులోనే. మిరప కోతలకు, ఇటుక బట్టీలకు వలస వెళ్లే కుటుంబాల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్లు ఏ ఊరి లెక్కలోనూ ఉండరు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీలు పాడై జనం దశాబ్దాలుగా పోతున్నారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది 2023 డిసెంబరులో. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఇంట్లో పోయినవాళ్ల మరణానికి కారణం డాక్టరు రాయడం మన దగ్గర అరుదు. దేశం మొత్తం మీద 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఏ ఊళ్లో, ఏ వయసువాళ్లు, ఏ జబ్బుతో పోతున్నారో సబ్‌సెంటర్ స్థాయిలో ఏటా ఒకసారి కూర్చుని చూసి ఉంటే, ఆ ఊళ్ల గోడు పేపర్లకెక్కేదాకా ఆగాల్సి వచ్చేదా?

గర్భిణి గానీ బాలింత గానీ చనిపోతే 24 గంటల్లో రిపోర్టు చేయాలి. ఎవరినీ నిందించకుండా కారణం వెతకాలని మార్గదర్శకాల్లోనే ఉంది. కింద ఉన్నవాళ్లకు మాత్రం మెమో భయం. భయం ఉన్నచోట నిజం రాయరు. కేరళలో కాన్పుల డాక్టర్ల సంఘం 2004 నుంచి పేర్లు బయటపెట్టకుండా ఒక్కో తల్లి మరణాన్నీ పరిశీలిస్తోంది. కాన్పు తర్వాత రక్తస్రావం, బీపీ ప్రధాన కారణాలని తేల్చుకుని, వాటిని ఎలా ఎదుర్కోవాలో పద్ధతులు పెట్టుకున్నారు. లెక్క ఉన్నందుకు చేయగలిగిన పని అది.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. వర్ణవివక్ష పోయాక దక్షిణాఫ్రికాలో పుట్టిన డీహెచ్ఐఎస్ అనే ఆరోగ్య లెక్కల సాఫ్ట్‌వేర్ మూలసూత్రమే అది, సేకరించినచోటే సమాచారాన్ని వాడుకోవాలని. మన దేశంలో దాన్ని తొలినాళ్లలోనే, 2000 ప్రాంతంలో, కుప్పం పీహెచ్‌సీల్లో పెట్టి చూశారు. ఇప్పుడు దాని కొత్త రూపాన్ని 70కి పైగా దేశాలు వాడుతున్నాయి. మనం మాత్రం పోర్టల్ మీద పోర్టల్ పేర్చుకుంటూ పోయాం.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక మనిషి వివరాలు ఒక్కసారే ఎక్కించాలి, మిగతా పోర్టళ్లు అక్కణ్నించి తీసుకోవాలి. పీహెచ్‌సీ నెలవారీ మీటింగులో పెండింగ్ లెక్క పక్కన పెట్టి, ఈ నెల ఎవరెవరు మందులకు రాలేదో ఊరి పేరుతో సహా చూడాలి. ఆ పని డాక్టరూ నర్సులూ మిగతావన్నీ చేసుకుంటూ చేయలేరు, ప్రతి పీహెచ్‌సీకి జీతం సరిగా అందే డేటా ఆపరేటర్ ఒకరుండాలి. ఊరికి ఏదైనా చేద్దామని ఏటా డబ్బు పంపే మన ఎన్నారైలకు ఒక మాట. ఈసారి ఆర్చీ గేటు కట్టించే ముందు పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేసి, కంప్యూటర్ పనిచేస్తోందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా అని అడగండి.