సవరణ: జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు

పోయిన వారం ఇంట్లో జుంకీలు చేసుకోవడం గురించి రాస్తూ, "జర్మన్ సిల్వర్‌లో కొంత వెండి కలుస్తుంది, అందుకే చెవికి పడుతుంది" అన్నాను. అది తప్పు. పేరు చూసి నమ్మేసి, సరిచూసుకోకుండా రాశాను.

అందులో వెండి వీసమెత్తు కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపి చేసే లోహం అది. ఆ తెల్లటి మెరుపు నికెల్‌ది. విజయవాడ వన్‌టౌన్‌లో వెండిపని చేసే పెద్దాయన ఒకరు నా పోస్టు చదివి ఈ సంగతి చెప్పారు. తర్వాత లోహాల గురించిన పుస్తకాల్లోనూ చూసుకున్నాను, ఆయన చెప్పిందే నిజం.

ఇది చిన్న తేడా కాదు. నికెల్ పడనివాళ్లకు చెవి తమ్మె ఎర్రబడి దురద పెడుతుంది, ఒక్కోసారి రసి కూడా కారుతుంది. చెమట తగిలితే నికెల్ ఇంకా ఎక్కువగా బయటికొస్తుంది. మన బెజవాడ ఎండల సంగతి చెప్పాలా! రంగులేని నెయిల్ పాలిష్ పూస్తే కొన్నాళ్లు అడ్డుగా ఉంటుంది గానీ, అది అరగగానే బాధ మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి చెవి రంధ్రంలోకి వెళ్లే కొక్కెం మాత్రం 925 వెండితో చేయండి. అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ సన్న తీగతో చేస్తే జత కొక్కేలకు పట్టేది కొంచెమే. కింద వేలాడే బుట్ట జర్మన్ సిల్వర్‌దైనా, మెడకు రాసుకోకుండా పొట్టిగా ఉంచండి.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. నా దగ్గర జుంకీలు తీసుకున్నవాళ్లు పంపిస్తే కొక్కేలు మార్చి ఇస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.