మంచి కంపెనీ అయితే ఏ ధరకైనా కొనేయాలా?

ఒకే మెసేజ్ మా కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు కూడా పంపాడు. "టెక్ షేర్లకు పీఈ చూసేవాడు జన్మలో ధనవంతుడు కాలేడు" అని మొదలవుతుంది. పీఈ అంటే షేరు ధర, ఒక్కో షేరుకు వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క. అందులో ఉన్నవి ఐదు మాటలు. అమెజాన్ ఏళ్ల తరబడి నష్టాల్లో ఉన్నా నమ్మినవాళ్లను కోటీశ్వరుల్ని చేసింది. స్ప్లిట్ అయిన షేరు చవక. విదేశీ ఫండ్లు కొంటున్నాయంటే లెక్కలు వాళ్లే చూసుకుని ఉంటారు. కంపెనీ మంచిదైతే ధరతో పనిలేదు. పడితే ఇంకా కొనాలి. పంపినవాళ్లందరూ చదువుకున్నవాళ్లు, నా మంచి కోరేవాళ్లే. నాకు కోపం తెప్పించింది కూడా అదే.

స్ప్లిట్ సంగతి ముందు తేల్చేద్దాం. స్ప్లిట్ అంటే ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం. చిప్‌లు చేసే ఎన్విడియా 2024 జూన్‌లో ఒక్కో షేరును పది షేర్లు చేసింది. ధర పదో వంతయింది, కంపెనీ విలువ మారలేదు. అంతే. ఇక విదేశీ ఫండ్లు. వాళ్లు కొన్న రోజు మనకు వార్త వస్తుంది. ఎందుకు కొన్నారో, వాళ్ల మొత్తం సొమ్ములో అది ఎన్నో వంతో, ఎప్పుడు అమ్మేస్తారో ఎవరూ మనకు చెప్పరు.

అమెజాన్ కథలో సగమే చెబుతున్నారు. 1997లో లిస్టయిన ఆ కంపెనీకి పూర్తి ఏడాది లాభం మొదటిసారి వచ్చింది 2003లో. ఇది నిజం. 1999 డిసెంబర్‌లో 100 డాలర్లు దాటిన షేరు 2001లో 6 డాలర్ల దాకా పడింది. ఇదీ నిజమే. ఆ శిఖరం దగ్గర కొన్నవాళ్లు తమ డబ్బు తిరిగి కళ్లజూడటానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో అమ్మకుండా ఎంతమంది ఉండగలిగి ఉంటారు? పైగా అదే రోజుల్లో వెబ్‌వాన్, పెట్స్ డాట్ కామ్ అనే ఇంటర్నెట్ దుకాణాలు కూడా నష్టాల్లోనే నడిచాయి, వాటినీ జనం అలాగే నమ్మారు. రెండూ మూతపడ్డాయి. నష్టాలున్నా పైకొచ్చిన కంపెనీ పేరు అందరికీ గుర్తుంటుంది, నష్టాలతో పోయినవాటి పేర్లు మెసేజ్‌లోకి ఎక్కవు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నాలుగో మాట. మంచి కంపెనీ అయితే ధర చూడక్కర్లేదట. ఈ మాట పంపిన మిత్రులే కోకాపేటలో ఫ్లాట్ కొనేటప్పుడు చదరపు అడుగుకు వంద రూపాయలు తగ్గించమని నెల రోజులు బిల్డర్ చుట్టూ తిరుగుతారు. ఏరియా మంచిదని తెలిసీ తిరుగుతారు. షేరు దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైపోతోంది?

సిస్కోను చూడండి. ఇంటర్నెట్ నడవడానికి కావలసిన పరికరాలు చేసే కంపెనీ. 2000 మార్చిలో ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది, విలువ 500 బిలియన్ డాలర్ల పైన. షేరు 80 డాలర్ల దగ్గర ఉంది, అంటే ఏడాది లాభానికి దాదాపు 200 రెట్లు. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేస్తుందని అప్పుడు అన్నవాళ్ల అంచనా అక్షరాలా నిజమైంది. సిస్కో కూడా చితికిపోలేదు. 2000లో 19 బిలియన్ డాలర్లున్న అమ్మకాలు 2023కి 57 బిలియన్లు అయ్యాయి, లాభం నాలుగు రెట్లు దాటింది. అయినా ఆ 2000 నాటి ధరను షేరు మళ్లీ అందుకోవడానికి 2025 డిసెంబర్ దాకా పట్టింది. 2011 నుంచి ఇచ్చిన డివిడెండ్లు, అంటే లాభంలోంచి వాటాదారులకు పంచిన డబ్బు, కలుపుకుంటే కాస్త ముందే గట్టెక్కి ఉంటారు. కానీ ముప్పై ఏళ్ల వయసులో కొన్నవాడికి ఉద్యోగ జీవితం దాదాపు అయిపోయింది.

అది అమెరికా కథ అనుకోవద్దు. ఇన్ఫోసిస్ లాభం 1999-2000లో 300 కోట్ల లోపు, 2002-03లో 950 కోట్ల పైన. మూడేళ్లలో మూడు రెట్లు. ఇంతకన్నా మంచి కంపెనీ ఎక్కడ దొరుకుతుంది? అయినా 2003 ఏప్రిల్‌లో, వృద్ధి కొంచెం తగ్గవచ్చని కంపెనీ చెప్పిన ఒక్క రోజే షేరు నాలుగో వంతుకు పైగా పడింది. అప్పటి ధర 2000 మార్చి శిఖరంలో మూడో వంతు కూడా లేదు. కంపెనీ తప్పేమీ లేదు. కొన్న ధరలోనే తప్పుంది.

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. మార్కెట్ విలువ లక్ష కోట్లు, లాభం 500 కోట్లు ఉన్న కంపెనీని తీసుకోండి. పీఈ 200. మీకు పదేళ్లపాటు ఏటా 12 శాతం రావాలంటే కంపెనీ విలువ సుమారు 3.1 లక్షల కోట్లకు చేరాలి. పదేళ్లకు అది పెద్ద కంపెనీ అయిపోతుంది, వృద్ధి నెమ్మదిస్తుంది, కాబట్టి అప్పటికి పీఈ 30 అనుకుందాం. అంటే లాభం 10,000 కోట్లు దాటాలి. ఏటా 35 శాతం చొప్పున, పదేళ్లు, ఒక్క ఏడాది తప్పకుండా. ఉద్యోగులకు ఏటా ఇచ్చే కొత్త షేర్ల వల్ల షేర్ల సంఖ్య ఏడాదికి 3 శాతం పెరుగుతుంటే, లాభాన్ని ఎక్కువ షేర్లు పంచుకోవాలి కాబట్టి, ఆ లాభం 14,000 కోట్ల దగ్గర ఉండాలి. ఇదంతా జరిగితే మీకు వచ్చేది 12 శాతం. ఆ కంపెనీ అలా పెరుగుతుందని నమ్మకం ఉంటే కొనండి, నాకు అభ్యంతరం లేదు. లెక్కే వేయొద్దని ఇంకొకరికి చెప్పడమే నాకు నచ్చనిది. గ్రూపుల్లో రిటైరైనవాళ్లున్నారు, పీఎఫ్ డబ్బు చేతికొచ్చినవాళ్లున్నారు.

ఒక విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాడితో నేను ఏకీభవిస్తాను. గడిచిన ఏడాది లాభంతో లెక్కకట్టిన పీఈ ఒక్కటే చూసి వేగంగా పెరిగే కంపెనీని పక్కన పెట్టేయడం తప్పే. 2023 మేలో ఎన్విడియా పీఈ చూసి చాలామంది దణ్ణం పెట్టేశారు. కానీ ఆ కంపెనీ లాభం ఒక్క ఆర్థిక సంవత్సరంలో 4.4 బిలియన్ డాలర్ల నుంచి 29.8 బిలియన్లకు పెరిగింది. ఖరీదుగా కనిపించిన ధర ఏడాది తిరక్కుండానే మామూలైపోయింది. అమెజాన్ నష్టాల వెనక కూడా వేరే సంగతి ఉంది. కొనేవాళ్లు ముందు డబ్బు కట్టేవారు, సరుకు ఇచ్చినవాళ్లకు కంపెనీ తర్వాత చెల్లించేది, అందువల్ల చేతిలో నగదు ఆడేది. పీఈలో అది కనిపించదు. అయితే అది తెలిసేది నగదు లెక్కలు తెరిచి చూసినవాళ్లకు, ధర చూడొద్దన్నవాళ్లకు కాదు.

ఇక పడినప్పుడల్లా కొనమనే సలహా. జొమాటో 2022 జూలైలో 41 రూపాయల దిగువకు పడి, 2024 డిసెంబర్‌లో 300 దాటింది. అందరూ చూపించేది ఇదే. 2021 నవంబర్‌లో 2,150కి ఇష్యూ అయిన పేటీఎం ఏడాదికే 500 దిగువకు, 2024 మేలో 350 దిగువకు వచ్చింది. 1,500 దగ్గర, 1,000 దగ్గర, 700 దగ్గర మళ్లీ మళ్లీ కొని ఆవరేజ్ చేసినవాళ్లు ప్రతిసారీ చవగ్గా దొరికిందనే అనుకుని ఉంటారు. ధర సగమవడం ఒకటి, దాని వెనక వ్యాపారం ఎంత విలువైనదన్నది ఇంకొకటి. రెండోది లెక్కవేసుకున్నవాళ్లే పడినప్పుడు కొనాలో వద్దో చెప్పగలరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. జీతం ఇచ్చేది టెక్ కంపెనీ, ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంతో పాటు ఇచ్చే షేర్లు, అదే కంపెనీవి, మిగిలిన పొదుపు కూడా టెక్ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్‌లోనే. లేఆఫ్‌లు వచ్చే నెలా, షేర్లు పడే నెలా చాలాసార్లు ఒకటే అవుతాయి. అప్పుడు ఇంటి ఈఎంఐకి షేర్లు అమ్ముకోవాల్సిన మనిషికి "పడితే ఇంకా కొనండి" అని ఎలా పంపుతాం?