పుస్తకాల పండగ తెల్లారి ఏం జరుగుతోంది?

నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారంలో హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు కథలు చదివి వినిపించడానికి రమ్మంటే వెళ్లాను. గేటుకు ఫ్లెక్సీ కట్టారు, వరండాలో బెంచీలు కలిపి వాటి మీద దుప్పటి పరిచి పుస్తకాలు పేర్చారు, పిల్లలు వరసగా వచ్చి చేతులు కట్టుకుని చూసి వెళ్తున్నారు. ముట్టుకుంటే చిరుగుతాయని ముందే చెప్పి ఉంచారు. ఆ తర్వాత పెద్దల ప్రసంగాలు, పుస్తక పఠనం వల్ల లాభాల మీద వ్యాసరచన, ముగ్గురికి బహుమతులు, అందరితో ఫొటో. మధ్యాహ్నం మూడున్నరకల్లా పుస్తకాలన్నీ లెక్కపెట్టి మళ్లీ ఇనప బీరువాలో సర్దేశారు.

తాళం వేసే ముందు మూడో తరగతి పాప ఒకతి బొమ్మల పుస్తకం పట్టుకుని కదలకుండా నిలబడింది. చెరువులో ఏనుగు స్నానం చేస్తున్న పేజీ అది. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, 'తొం... డం... తో' అని కూడబలుక్కుంటోంది. "టీచర్, ఇది ఇంటికి తీస్కపోనా? మా తమ్మునికి చూపిస్త" అంది. టీచర్ ఒకసారి నా వైపు, ఒకసారి బీరువా వైపు చూసి "తర్వాత చూద్దాం బిడ్డా" అన్నారు. పాప పుస్తకం ఇచ్చేసి వెళ్లిపోయింది.

ఆ టీచర్‌ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె మంచి టీచర్, ఆమె భయానికి కారణాలున్నాయి, వాటి దగ్గరికి వస్తాను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. బడి లైబ్రరీలో ఏ కార్యక్రమం చేసినా, అది వారోత్సవం కానీ, ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం కానీ, దాని ఫలితాన్ని చూడాల్సింది ఆ రోజు ఎంతమంది కూర్చున్నారన్న దాంట్లో కాదు, మర్నాడు సాయంత్రం బడి వదిలినప్పుడు పిల్లల సంచుల్లో ఎన్ని పుస్తకాలు ఇంటికి వెళ్లాయన్న దాంట్లో. ఒక్కటి కూడా వెళ్లకపోతే మనం పుస్తకాలకు ఊరేగింపు చేసినట్టు, పిల్లలకు చదువు మీద ఇష్టం పుట్టించినట్టు కాదు.

ఇది ఎందుకింత ముఖ్యమో చెప్పే లెక్క ఒకటుంది. ఊళ్లలో పిల్లలకు చదవడం ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం తెలంగాణ గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 5.2 శాతం. 2018లో అది 18.1 శాతం. మధ్యలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయన్నది నిజమే, ఈ సర్వే నగరంలో చేసింది కాదన్నదీ నిజమే. కానీ బస్తీల్లోని బడికి వెళ్లి నాలుగో తరగతి గదిలో ఒక గంట కూర్చోండి, పరిస్థితి మరీ వేరుగా ఏమీ కనిపించదు. ఇలాంటి పిల్లల చేతికి పుస్తక పఠనం ప్రయోజనాల మీద వ్యాసం రాయమని కాగితం ఇస్తే ఎవరు రాస్తారు? ముందే చదవడం వచ్చిన నలుగురు రాస్తారు. బహుమతులూ వాళ్లకే వస్తాయి. మిగతా గదికి ఆ రోజు అర్థమయ్యేది, పుస్తకాలు తమ కోసం కాదనే.

బహుమతుల గురించి ఇంకో మాట. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టారు. ఒకటి రెండు వారాల తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వకుండా రంగు పెన్నులు గదిలో పెట్టి చూస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు, ఏ మాటా తీసుకోని పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే వాటితో గడిపారు. చెప్పకుండా ఇచ్చిన సర్టిఫికెట్‌తో మాత్రం ఏ నష్టమూ రాలేదు. మన బడుల్లో 'ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివితే వాళ్లకు ప్రైజ్' అని పోటీ పెట్టే ప్రతిసారీ నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది. ప్రైజ్ కోసం సన్న పుస్తకాలు ఏరుకుని, పేజీలు తిప్పేసి, పేర్లు రాసుకొచ్చే పిల్లల్ని చూశాను. తప్పు వాళ్లది కాదు, మనం అడిగింది అదే కాబట్టి వాళ్లు అదే చేశారు.

మరి ఏం చేయాలి అంటే, చాలా చిన్న పని. గట్టిగా చదివి వినిపించడం. రోజుకు పదిహేను నిమిషాలు, టీచర్ కింద చాప మీద కూర్చుని, పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుని, బొమ్మ చూపిస్తూ, వేలితో వాక్యం వెంట నడుస్తూ చదవాలి. ఆ వారోత్సవాల్లో నాకిచ్చిన సమయం పావుగంట, అందులోనే తెలిసిపోయింది. మొదటి రెండు పేజీలప్పుడు వెనక వరస పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. మూడో పేజీలో కోతి చెట్టు మీంచి జారిపడే చోట నేను ఆగి, "ఇప్పుడేం చేస్తది?" అన్నాను. అంతే, గదంతా అరుపులు. కథ అయిపోగానే "మళ్ల చదువున్రి" అన్నారు. రెండోసారి చదివేటప్పుడు వాక్యం నాకంటే ముందు వాళ్లే చెప్పేశారు, చదవడం రాని పిల్లలతో సహా. చదవడం నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది, తెలిసిన మాట కాగితం మీద ఎలా ఉంటుందో కంటికి ఆనే చోట. ఒకే కథను మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి, పదిసార్లయినా చదవండి.

మన బడుల్లో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. హైదరాబాద్ బస్తీ బడిలో ఒక్క తరగతి గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, లంబాడీ పిల్లలు, భవన నిర్మాణ పనికి వచ్చిన ఒడియా, బిహారీ కుటుంబాల పిల్లలు కలిసి కూర్చుంటారు. పాఠం ఇంగ్లిష్ మీడియం. ఇలాంటి చోట నెలకొక శనివారం ఒక అమ్మనో నానమ్మనో పిలిచి వాళ్ల భాషలో కథ చెప్పించండి. ఆ రోజు ఆ పిల్ల నడకే మారిపోతుంది. ఆ కథని టీచర్ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాస్తే, పిల్లలు బొమ్మలు వేస్తే, నాలుగు చార్టులు కలిపి దారంతో కుడితే అదే మీ లైబ్రరీలో ఒక పుస్తకం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగుతో పాటు చాలా భారతీయ భాషల్లో బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింట్ తీసుకోవచ్చు కూడా.

ఇక టీచర్ భయం సంగతి. పుస్తకాలు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. పోతే ఎవరు కట్టాలి? ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఛార్జ్ అప్పగించే రోజున ఒక పుస్తకం తక్కువైతే సంజాయిషీ ఎవరివ్వాలి? ఈ టెన్షన్‌తోనే బీరువాకు తాళం పడుతుంది, తాళంచెవి హెచ్‌ఎం టేబుల్ సొరుగులోకి వెళ్తుంది. నేను చూసిన బీరువాలో కొన్ని పుస్తకాలకు ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. కానీ పుస్తకం పోవడం లైబ్రరీలో సహజమని కేంద్ర ప్రభుత్వ నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో ఇచ్చిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోతే, మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు, అది సమంజసమైన నష్టమే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాలకూ, అరుదైనవాటికీ మాత్రమే తప్పనిసరిగా విచారణ జరగాలి. పిల్లల బొమ్మల పుస్తకం ధర ఎంతుంటుంది? యాభై, వంద. అయిదో తరగతి లోపు పిల్లలున్న బడికి ఇంతకంటే ఉదారమైన నిబంధన కావాలి, చిరిగినవాటిని ఏటా మామూలుగా రిజిస్టర్‌లోంచి తీసేసే అధికారం హెచ్‌ఎంకు ఉండాలి. విద్యాశాఖ ఈ ఒక్క విషయం మీద స్పష్టంగా ఒక పేజీ సర్క్యులర్ ఇస్తే, నూరు ఫ్లెక్సీలు చేయలేని పని అది చేస్తుంది.

డబ్బు లేదని మాత్రం అనకండి. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లోనే ప్రతి బడికీ లైబ్రరీ, అందులో కథల పుస్తకాలు ఉండాలని రాసి ఉంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ. 5,000 వరకు లైబ్రరీ గ్రాంటు ఉంది. ఆ డబ్బుతో మందపాటి జీవిత చరిత్రలు, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు కట్టలు కట్టలుగా కొనకుండా, తార్నాకలో మంచి పుస్తకం లాంటి ప్రచురణకర్తల దగ్గర, నేషనల్ బుక్ ట్రస్ట్ దగ్గర సన్నని బొమ్మల పుస్తకాలు తీసుకుంటే బీరువా నిండుతుంది. మనం ఇంటి పన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే పౌర గ్రంథాలయాల్లో పిల్లలు ఎంతమంది ఉన్నారు? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి, గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పోస్టులకీ ప్రిపేరయ్యేవాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుంటారు. వాళ్లకు ఆ చోటు చాలా అవసరం, వాళ్లను కదిలించమని నేను అనను. వారానికి ఒక పూట మాత్రం చుట్టుపక్కల బడుల నుంచి పిల్లల్ని నడిపించుకెళ్లి, వాళ్ల పేరుతో సభ్యత్వ కార్డు ఇప్పించొచ్చు.

ఈ నగరానికి పుస్తకాలు కొత్త కాదు. 1901లో కోఠి దగ్గర శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టినవాళ్లు, నిజాం కాలంలో తెలుగు చదువుకు చోటే కరువైన రోజుల్లో, చేతి డబ్బు వేసుకుని పెట్టారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఇప్పటికీ పరుస్తారు. ఒక్కో పిల్లకి ముప్పై రూపాయలిచ్చి, 'నీకు నచ్చింది నువ్వే కొనుక్కో' అని అక్కడ వదిలి చూడండి. తనే ఎంచుకుని, బేరమాడి తెచ్చుకున్న పుస్తకాన్ని ఏ పిల్లా మూలన పడేయదు. డిసెంబర్ ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌కు బడుల నుంచి పిల్లల్ని తీసుకొస్తారు, మంచిదే, కానీ చేతిలో పైసా లేకుండా స్టాళ్ల ముందు లైన్లో తిప్పి పంపితే అదీ ఆ వరండాలో బెంచీల మీది పుస్తకాల్లాంటిదే.

2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వమే 'రీడ్' పేరుతో 100 రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టింది. ఆలోచన మంచిది. కానీ నన్నడిగితే వంద రోజులన్న మాట దగ్గరే తేడా వచ్చింది, ఎందుకంటే నూటొకటో రోజు పిల్ల ఏం చదవాలో ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఏడాది పొడవునా వారానికి ఒక్క రోజు చాలు, అది ఆగకూడదు.

ఆ బడికి జనవరిలో మళ్లీ వెళ్లాను. టీచర్‌తో, హెచ్‌ఎంతో రెండుసార్లు కూర్చుని మాట్లాడాక ఒక ఒప్పందానికొచ్చాం. శుక్రవారం చివరి పీరియడ్‌లో బీరువా తెరవాలి, ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకం తీసుకెళ్లాలి, రూళ్ల నోటుబుక్కులో పేరూ పుస్తకం పేరూ పిల్లలే రాయాలి, రాయడం రానివాళ్లు పుస్తకం బొమ్మ గీయాలి. పోయినవాటి సంగతి నాది. మొదటి నెలలో రెండు పుస్తకాలు తిరిగి రాలేదు. ఏనుగు పుస్తకం వచ్చింది. చెరువు పేజీ మధ్యకి చిరిగి ఉంది, అన్నం మెతుకులతో అతికించారు, ఎండి గట్టిగా అయ్యాయి. "మా తమ్ముడు గుంజిండు టీచర్, మా అమ్మ అంటిచ్చింది" అని భయం భయంగా చెప్పింది పాప. టీచర్ పేజీని వేలితో తడిమి చూసి, నోటుబుక్కులో ఆ పుస్తకం ఎదురుగా టిక్ పెట్టి, "ఇంకోటి తీసుకో" అన్నారు.