ఐవీఆర్ గొంతుగారికి

మహాలక్ష్మీ సమానురాలైన, బ్యాంకుకు ఫోన్ చేస్తే 'ఇది నొక్కండి, అది నొక్కండి' అనే ఐవీఆర్ గొంతుగారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమమూ అడుగుదామంటే, దానికి ఏ నెంబరు నొక్కాలో మీరు చెప్పలేదు.

మా అమ్మది బటన్ల ఫోను. ఒకటో అంకె అరిగిపోయి చాన్నాళ్లయింది. మొన్న మేనకోడలి పెళ్లికి వెళ్లలేక, చదివింపులైనా పంపుదామని మీకు ఫోన్ చేసింది. "తెలుగు కోసం మూడు నొక్కండి" అన్నారు. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, కళ్లజోడు పెట్టుకుని, మూడు వెతికి నొక్కి, మళ్లీ చెవికి ఆనించేసరికి "క్షమించండి, మీరు ఏ ఎంపికా చేసుకోలేదు" అంటున్నారు. "పర్లేదులేమ్మా" అంది అమ్మ. అలా మూడుసార్లు క్షమించి, నాలుగోసారి నన్ను పిలిచింది.

స్పీకర్ పెట్టుకోమన్నాను. తప్పు నాదే. బ్యాలెన్సు చెప్పమంటే, "మీ ఖాతాలో నిల్వ నాలుగు వేల రెండు వందల పన్నెండు రూపాయలు" అని వీధంతా వినిపించేలా చదివారు. ఎదురింటి పిన్ని పాలగిన్నెతో అలాగే నిలబడిపోయింది.

తర్వాత "మొత్తాన్ని నమోదు చేసి హ్యాష్ నొక్కండి" అన్నారు. హ్యాష్ అంటే ఏదని అమ్మ అడిగింది. "కింద కుడిపక్క, ముగ్గులా ఉంటుంది చూడు" అన్నాను. టక్కున నొక్కింది. ఆ ముక్క మీకెవరూ చెప్పలేదేమో.

అప్పుడు మీరు, "ఒక వెయ్యి ఒక వంద పదహారు రూపాయలు. నిర్ధారించడానికి ఒకటి, రద్దుకు రెండు." అమ్మ కంగారుపడింది. "కాదమ్మా, వెయ్యిన్నూటపదహార్లు!" అని రెండు నొక్కేసింది.

మిమ్మల్ని తీసిపారేయడం లేదు. స్మార్ట్‌ఫోనూ ఇంటర్నెట్టూ లేనివాళ్లు కూడా యూపీఐలో డబ్బు పంపుకోవాలని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో 123పే అనే ఈ ఫోన్ పద్ధతి తెచ్చింది. మంచి ఆలోచనే. అందులో ఒకసారికి 5,000 రూపాయలున్న పరిమితిని 10,000కు పెంచుతున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించింది కూడా. మీరు బటన్ కోసం ఆగే సమయం మాత్రం పెరిగినట్టు లేదు. నోటితో చెబితే డబ్బు వెళ్లే 'హలో యూపీఐ' 2023 సెప్టెంబరులో వచ్చిందంటే సంబరపడ్డాం. ముందు హిందీకి, ఇంగ్లీషుకేనట. అయినా తెలుగులో వచ్చాక మాత్రం? "ఓ రెండున్నర వేలు మా తమ్ముడికి కొట్టు" అంటే మీకు అర్థమవుతుందా, లేక "దయచేసి లబ్ధిదారుని ఎంచుకోండి" అంటారా?

చివరికి ఆ పని పక్కింటి కుర్రాడు చేసిపెట్టాడు. అమ్మ నోట్లు వాడి చేతిలో పెట్టి, "వెయ్యిన్నూటపదహార్లు కొట్టరా" అంది. మీలాగే వాడూ నిర్ధారణ అడిగాడు లెండి.

"తుని మామయ్యకేనా పెద్దమ్మా?"

అమ్మ "ఊఁ" అంది. వాడికది సరిపోయింది.

ఇట్లు,
ఖాతాదారు కొడుకు