బావగారి రష్యా డబ్బా

డల్లాస్‌లో ఉండే మా బావగారికి చవకబేరం కనిపిస్తే కాలు నిలవదు. సిటిజన్‌షిప్ వచ్చాక మోసిన్-నాగాంట్ రైఫిల్ కొన్నదీ అలాగే. 1891లో జారు చక్రవర్తి సైన్యంలో కొలువుకు చేరిన మోడల్ అది. దానికి సోవియట్ కాలం నాటి తూటాలే దొరికాయి. సీలు వేసిన రేకు డబ్బా, లోపల 440.

డబ్బాకి మూత లేదు. కోయడానికి వేరే ఓపెనర్ ఉంటుందట, విడి డబ్బా కొన్నవాళ్లకి అది రాదట. అక్క వంటింటి ఓపెనర్ బలైపోయింది.

దగ్గర్లో తుపాకులు కాల్చే ఇండోర్ రేంజ్‌లో తూటాకి అయస్కాంతం పెట్టి చూశారు. ఠక్కున అతుక్కుంది. పైన కనిపించేది రాగి పూతే, దాని కింద తొడుగు ఉక్కు. గుళ్లను ఆపే వెనక గోడ పాడవుతుందని వద్దన్నారు. బావగారు గిల్టు నగ కొన్న పెళ్లికొడుకు తండ్రిలా ఆ తూటాని తిప్పి తిప్పి చూశారు.

సరే, ఊరవతల ఆరుబయట రేంజ్‌కి పోయాం. ట్రిగ్గర్ నొక్కారు. టిక్.

"తుస్సుమందిరా" అని నావైపు తిరగబోయారో లేదో, ఢాం! భుజం పట్టుకుని "అమ్మో" అన్నారు. రేంజ్ ఆఫీసర్ పరుగున వచ్చాడు. పాత మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుందనీ, పేలకపోతే గొట్టం ముందుకే పెట్టి కనీసం 30 సెకన్లు కదలొద్దనీ గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ టిక్ అంది. బావగారు కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టారు, మధ్యలో ఆంజనేయస్వామి కూడా వచ్చాడు. ఈసారి అది నిజంగానే తుస్సు. ఇంకాసేపటికి, పేలిన తూటా గుల్ల లోపల బిగుసుకుని, వెనక్కి లాగి గుల్లని బయటికి తీసే బోల్టు మొరాయించింది. దాన్ని రబ్బరు సుత్తితో కొట్టి తెరిచేసరికి చొక్కాలు తడిసిపోయాయి.

ఇంటికొచ్చాక అసలు పని. ఆ కాలం ప్రైమర్లలో, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక గొట్టంలో ఉప్పులాంటి పదార్థం మిగిలి, గాల్లో చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనెకి అది కరగదు, నీళ్లు పోయాల్సిందే.

"కాస్త వేణ్ణీళ్లు పెట్టు" అన్నారు బావగారు.

"మీకా, తుపాకికా?" అంది అక్క.

"తుపాకికే. లోపల ఉప్పు కడగాలి."

"సింకులో అంట్లూ ఉన్నాయి. పనిలో పని, అవీ కానిచ్చేయండి."

బావగారు మారుమాట్లాడకుండా లుంగీ ఎగ్గట్టారు.