పొలంలో కౌలుదారు, పాస్‌బుక్‌లో యజమాని

ఎన్నికలొస్తే మన దగ్గర ప్రతి పార్టీ రైతు పార్టీయే. ఉచిత కరెంటు, రుణమాఫీ, పెట్టుబడి సాయం అంటూ పోటీపడి హామీలిస్తాయి. అయితే ఆ హామీల్లో రైతు అంటే చాలావరకు పాస్‌బుక్ (భూమి తన పేరున ఉందని చూపే పట్టాదారు పుస్తకం) ఉన్నవాడే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మడిలో దిగేవారిలో మాత్రం ఎక్కువమంది కౌలుదార్లు.

2018లో తెలంగాణలో మొదలైన పెట్టుబడి సాయం పథకం రైతుబంధు సీజన్‌కు ఎకరాకు 4 వేల రూపాయలు ఇచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే యజమానికి డబ్బు పడింది, దుక్కి దున్నినవాడికి పడలేదు. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకూ సాయం చేస్తామని కాంగ్రెస్ చెప్పింది. 2025 జనవరిలో ఏడాదికి ఎకరాకు 12 వేలతో రైతు భరోసా మొదలైనప్పుడు మళ్లీ పాస్‌బుక్కే లెక్కలోకి వచ్చింది.

బ్యాంకు దగ్గర చిక్కు ఇంకా గట్టిది. పొలం మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. అదే సర్వే నంబరు మీద కౌలుదారుకు ఇంకో లోన్ ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. రేపు రుణమాఫీ వచ్చినా మాఫీ అయ్యేది యజమాని అప్పే. కౌలుదారు కమీషన్ వ్యాపారి దగ్గర వడ్డీకి తెచ్చి, కోత కాగానే ధాన్యం ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే తోలుతాడు. తుపానుకు చేను పడిపోయినా చాలాచోట్ల యజమానికి కౌలు కింద కొలవాల్సిన ధాన్యం బస్తాలు తగ్గవు.

పార్టీలు కౌలుదారును ఇలా వదిలేయడాన్ని మరపు అనుకోలేం. ఊళ్లో నలుగురిని కదిలించగలిగేది భూమి ఉన్నవాడు. కౌలుదారు ఈ ఏడు ఒకరి పొలం, వచ్చే ఏడు ఇంకొకరి పొలం చేస్తాడు, సంఘం కట్టడమే కష్టం. యజమానికి కోపం తెప్పించడానికి ఏ పార్టీ సిద్ధపడుతుంది?

ఆంధ్రప్రదేశ్ చట్టాలే చూడండి. కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి, నిరసనగా పంట వేయడం మానేసిన 2011లోనే సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. దానికి యజమాని సంతకం అక్కర్లేదు. 2019 చట్టంలో 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం తప్పనిసరి చేశారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న టెన్షన్‌తో చాలామంది పెట్టరు. నా దృష్టిలో ఇది వెనకడుగే.

ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊరందరికీ తెలుసు. గ్రామసభలో విచారించి, భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా రాసి, సంతకం లేకుండానే కార్డు ఇవ్వచ్చు. దాంతోపాటు యజమాని లోన్‌తో ముడిపెట్టకుండా, ప్రభుత్వ పూచీతో కౌలుదారుకు విడిగా పంట రుణం ఇప్పించాలి. అది లేకుంటే కార్డు చేతిలో ఉన్నా అతను వెళ్లేది కమీషన్ వ్యాపారి కొట్టుకే.